హిమాలయ రోడ్ల మడత మ్యాప్ రివ్యూ: మన పాత ఎన్‌హెచ్ నంబర్లన్నీ ఆ కొండల్లో తేలాయి

ముందే చెప్పేస్తా, ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా, పోయిన ఆ ఒక్కటి ఎందుకు పోయిందో కింద ఉంటుంది. తిరుపతి గాంధీ రోడ్డులో పంచాంగాలు, స్కూలు గైడ్లు, స్వామి పటాలు అన్నీ కలిపి అమ్మే ఒక పాత షాపులో దొరికింది ఈ మ్యాప్, ధర మూడొందల లోపే. మడత విప్పితే డైనింగ్ టేబుల్ నిండిపోతుంది, ముందు వైపు లడాఖ్, కశ్మీర్, హిమాచల్, వెనక వైపు ఉత్తరాఖండ్. వేసిన వాళ్ళ పేరు కావాలనే రాయట్లేదు, ఎందుకంటే తిట్టాల్సింది కూడా కొంచెం ఉంది.

నేనూ మా బావమరిదీ మనాలి మీదుగా లేహ్ పోయి, కార్గిల్, శ్రీనగర్ మీదుగా తిరిగి రావాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటా ఉన్నాం. "అరచేతిలో ఫోన్ పెట్టుకోని ఈ కాగితం ఎందుకు బావా మోసుకొస్తావు" అని వాడు తిరుపతి స్టేషన్ కాడ్నుంచే మొదలుపెట్టాడు. సరేలే అనుకున్నా. మన ప్రీపెయిడ్ సిమ్ములు కశ్మీర్‌లో, లడాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ అయితేనే నెట్‌వర్క్ వస్తుంది, వాడిది ప్రీపెయిడ్, మనాలి లేహ్ దారిలో సర్చూ అనే చోటు దాటినాక ఫోన్ కెమెరాకి తప్ప ఇంకెందుకూ పనికిరాకుండా పోయింది, అప్పుడు వాడే వెనక సీట్లో నుంచి "బావా ఆ కాగితం ఇట్టియ్యి" అన్నాడు. దానికే ఈ మ్యాప్‌కి సగం డబ్బులు తిరిగొచ్చేశాయి నా లెక్కలో.

సరే అసలు విషయానికొస్తా. ఈ మ్యాప్ నాకు ఇంత నచ్చడానికి కారణం దాంట్లో రోడ్డు నంబర్లు, రోడ్డు పేర్లు రెండూ వేసిన పద్ధతి. నంబరు చిన్న గళ్ళలో వేసి, జనం పిలిచే పేరు రోడ్డు వెంబడే పొడుగ్గా రాసి, కనుమ వచ్చిన చోట దాని పేరు, ఎత్తు లావు అక్షరాల్లో ఇచ్చారు. ఆ కొండల్లో కావాల్సింది సరిగ్గా ఈ వరసే. ఎందుకో చెప్పాలంటే ముందు మన ఊరి రోడ్ల దగ్గర్నుంచి రావాలి.

మా నాయన లారీ తోలినోడు. చిత్తూరు బెల్లం, మదనపల్లె టమోటా, సీజన్ వస్తే మామిడికాయలు, మద్రాసు నుంచి బొంబాయి దాకా తిరిగినోడు, ఆయనకి రోడ్డంటే జాతీయ రహదారి (ఎన్‌హెచ్) నంబరే. చిత్తూరు మీద పోయేది 4, నాయుడుపేట కాడ ఎక్కితే 5, అనంతపురం కాడ తగిలేది 7, కర్నూలు నుంచి చిత్తూరు 18, మదనపల్లె నుంచి తిరుపతి మీదుగా మద్రాసు 205. ఈ మ్యాప్ కొన్న రోజు ఇంట్లో పరిచి చూస్తా ఉంటే ఆయన వచ్చి కళ్ళద్దాలు సర్దుకోని సిమ్లా పక్కన వేలు పెట్టి "ఏమిరా, 5 ఈ మంచు కొండల్లో ఉండాది? మన నెల్లూరు రోడ్డు కదరా అది" అన్నాడు. కాగితం తిప్పి ఉత్తరాఖండ్ చూస్తే ఆడ 7, ఇంకొంచెం పక్కకి పోతే 9. ఆయన ముఖం చూడాలి అప్పుడు, ఇంట్లో సామాన్లు ఎవరో ఎత్తుకుపోయి వేరే ఊర్లో దాచిపెట్టినట్టు చూశాడు.

జరిగింది ఏందంటే 2010 మార్చిలో కేంద్రం జాతీయ రహదారులన్నిటికీ మళ్ళీ కొత్తగా నంబర్లు వేసింది. అంతకు ముందు ఒక వరసా వావీ లేకుండా, రోడ్డు ఎప్పుడు చేరితే అప్పుడు నంబరు అన్నట్టుండేది. కొత్త పద్ధతిలో రూలు చాలా సింపుల్. ఉత్తరం దక్షిణంగా పోయే రోడ్లకి సరి సంఖ్యలు, తూర్పు నుంచి మొదలై పడమటికి పోయే కొద్దీ నంబరు పెరుగుతుంది. తూర్పు పడమరగా పోయే వాటికి బేసి సంఖ్యలు, ఇవి పైన ఉత్తరం కాడ మొదలై కిందికి వచ్చే కొద్దీ పెరుగుతాయి. మన రాష్ట్రంలోనే చూసుకోండి, విజయవాడ మచిలీపట్నం రోడ్డు 65, బద్వేలు నెల్లూరు రోడ్డు 67, చిత్తూరు నుంచి పలమనేరు మీదుగా కర్ణాటకలోకి పోయేది 69, మదనపల్లె నుంచి తిరుపతి, శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట పోయేది 71, దాదాపు మెట్లు దిగినట్టు వస్తాయి. అడ్డంగా చూస్తే సముద్రం పక్కన 16, కర్నూలు చిత్తూరు 40, మదనపల్లె, కుప్పం మీద 42, అనంతపురం మీద 44, ఇంకా పోతే మంగళూరు కాడ సముద్రం ఒడ్డున 66. నంబరు చూస్తే దేశంలో యాడున్నామో ఒక అంచనా వచ్చేస్తుంది, ఇది నిజంగా మంచి పనే, నేను కాదనను.

మూడంకెల నంబర్లు కొమ్మలు. చివరి రెండంకెలు తల్లి రోడ్డు, ముందుది ఎన్నో కొమ్మో. తిరుపతి నుంచి పూతలపట్టు పోయే 140 అంటే 40కి ఒకటో కొమ్మ, రేణిగుంట, పుత్తూరు మీదుగా మద్రాసు పోయే 716 అంటే 16కి ఏడోది. తిరుపతిలో టాక్సీ తోలే వాళ్ళలో కూడా ఇది తెలిసినోళ్ళు తక్కువ, 716 అంటే ఏదో లాటరీ నంబరు అనుకుంటారు.

ఇప్పుడు మా నాయన లెక్క కొస్తే, బేసి సంఖ్యలు ఉత్తరం నుంచి మొదలవుతాయి అన్నారు కాబట్టి 1, 3, 5, 7, 9 అన్నీ హిమాలయాలకి పోయాయి. శ్రీనగర్, కార్గిల్, లేహ్ రోడ్డు 1. పంజాబ్‌లో అట్టారీ కాడ మొదలై అమృతసర్, మండీ, కులు, మనాలి మీదుగా లేహ్ పోయేది 3. సిమ్లా మీదుగా కిన్నౌర్ పోయి టిబెట్ సరిహద్దులో షిప్కి లా దాకా పోయేది 5. రిషికేశ్ నుంచి బదరీనాథ్ దాటి మానా దాకా పోయేది 7. టనక్‌పూర్ నుంచి పిథోరాగఢ్ ఎక్కేది 9. అంటే మనకి నెల్లూరు, కర్నూలు, విజయవాడ రోడ్లుగా తెలిసిన నంబర్లే, వరసగా మంచు కొండల్లో కూర్చున్నాయి. చిత్తూరోళ్ళ ముద్దుల 4 అయితే ఇంకా దూరం పోయింది, సముద్రం దాటి అండమాన్‌కి. పోర్ట్ బ్లెయిర్ నుంచి (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) డిగ్లీపూర్ వైపు పోయే అండమాన్ ట్రంక్ రోడ్డు ఇప్పుడు ఎన్‌హెచ్ 4, దాని పాత నంబరు 223. మన పాత 4ని మాత్రం ముక్కలు ముక్కలు చేశారు, పూణే వైపు నుంచి బెంగళూరు దాకా 48, ఆడ్నుంచి ముళబాగిలు దాకా 75, ముళబాగిలు నుంచి చిత్తూరు 69, చిత్తూరు నుంచి రాణిపేట 40, మళ్ళీ మద్రాసు దాకా 48. మా నాయన ఒకే నంబరు మీద పట్టుకోని పోయిన రోడ్డు ఇది. ఇదంతా ఆయనకి చెప్తే "నంబరు మారిస్తే మొగిలి ఘాట్ మారుతుందా" అని లేచి పోయాడు.

ఆ మాటే లడాఖ్‌లో అడుగడుగునా గుర్తొచ్చింది. మనం కూడా చూడండి, 69లో యాక్సిడెంట్ అయింది అని ఎవరన్నా అంటారా, మొగిలి ఘాట్‌లో అయింది అంటాం. పీలేరు వైపు పోతే భాకరాపేట ఘాట్ అంటాం, 71 అనం. లడాఖ్ అంతా అదే కథ, కాకపోతే ఇంకా ముదిరింది. మనాలిలో మేం మాట్లాడుకున్న డ్రైవరన్న, లాహౌల్ మనిషి, దారి పొడుగునా ఒక్కసారి కూడా 3 అనే నంబరు ఎత్తలేదు. బారలాచా ఎప్పుడు ఎక్కుతాం, లాచులుంగ్ దిగి పాంగ్‌కి ఎప్పుడు చేరతాం, తంగ్‌లంగ్‌కి మధ్యాహ్నం లోపల పోతామా లేదా, ఇదే ఆయన లెక్క. ఆడ ప్రతి కనుమ పేరు వెనకా ఒక "లా" తగిలి ఉంటుంది, డ్రైవర్లు చాలాసార్లు అది కూడా వదిలేస్తారు. ఈ మ్యాప్‌లో అవే పేర్లు లావుగా ఉన్నాయి కాబట్టి ఆయన మాట అనగానే నేను వేలు పెట్టి చూపించగలిగా, ఆయన తల ఊపాడు, అంతే, మా ఇద్దరికీ వచ్చిన హిందీ అంతంత మాత్రమే అయినా దారి పొడుగునా కబుర్లు నడిచాయి.

రోడ్ల పేర్లు కూడా అవతలి కొసని బట్టే. మనాలిలో నిలబడితే అది లేహ్ రోడ్, లేహ్‌లో నిలబడితే అదే మనాలి రోడ్. లేహ్ బజార్లో ఎవరినన్నా దారి అడగండి, శ్రీనగర్ రోడ్డా మనాలి రోడ్డా అని తిరిగి అడుగుతారు. మనకి పుత్తూరు కాడ మద్రాసు రోడ్డయింది తిరుత్తణిలో తిరుపతి రోడ్డవుతుంది కదా, అట్టాగే. మ్యాప్ వాళ్ళు తెలివిగా ఏం చేశారంటే రోడ్డుకి రెండు కొసల దగ్గరా రెండు పేర్లూ వేశారు. చిన్న విషయమే గానీ ఇది వేసినోడెవడో ఆ రోడ్లో తిరిగినోడే అయ్యుండాలి.

ఇంక ఆ ప్రాంతంలో మూడో రకం పేర్లు ఉన్నాయి, మిలిటరీ వాళ్ళ పొట్టి పేర్లు. దర్బుక్, ష్యోక్, దౌలత్ బేగ్ ఓల్డీ అని మూడు ఊర్ల మొదటి అక్షరాలు కలిపి డీఎస్‌డీబీఓ రోడ్డంటారు, 255 కిలోమీటర్లు, చైనా సరిహద్దు వెంబడి. నిమ్ము, పదుమ్, దార్చా కలిపే రోడ్డు ఎన్‌పీడీ, 298 కిలోమీటర్లు. ఇట్టాంటి పేర్లు పెట్టేది బోర్డర్ రోడ్స్ వాళ్ళు, బీఆర్ఓ అంటాం కదా, 1960లో మొదలైన సంస్థ. వాళ్ళు ప్రాంతానికొక ప్రాజెక్టు పేరు పెట్టుకుంటారు, లేహ్ వైపు హిమాంక్, కార్గిల్ వైపు విజయక్, కశ్మీర్‌లోకి దిగితే బీకన్. రోడ్డు పక్కన "ఆఫ్టర్ విస్కీ డ్రైవింగ్ రిస్కీ" లాంటి బోర్డులు చూసి అందరూ ఫోటోలు తీసుకుంటారు చూడండి, అవి వీళ్ళవే. నిజం చెప్పాలంటే ఆ దారిలో ఏ జిల్లాలో ఉన్నామో తెలియకపోయినా బోర్డు మీద హిమాంక్ పోయి విజయక్ వస్తే కార్గిల్ వైపుకి వచ్చేశామని తెలిసిపోతుంది, అంత స్పష్టంగా ఉంటుంది. ఇంత ముఖ్యమైన విషయం మ్యాప్‌లో యాడా లేదు. ఒక సన్న గీత గీసి ఈడ్నుంచి ఇది ఈ ప్రాజెక్టు అని వేసుంటే ఎంత బాగుండేదో.

నంబర్లు అసలు పనికిరావా అంటే పనికొస్తాయి, కాకపోతే కొమ్మల దగ్గర. కార్గిల్‌లో ఎడమ కుడి చూసుకుంటా ఉంటే 301 అని కనిపించింది మ్యాప్‌లో, అంటే 1కి మూడో కొమ్మ, జన్స్కార్‌లో పదుమ్ పోయే రోడ్డు, 230 కిలోమీటర్ల చిల్లర. మనాలి నుంచి పోతా ఉంటే గ్రాంఫూ కాడ కలిసేది 505, అంటే 5కి ఐదో కొమ్మ, స్పితి లోయ మీదుగా వచ్చేది. తల్లి 5 యాడో కిన్నౌర్‌లో ఉంది, దాని కొమ్మ కొండలన్నీ తిరిగి ఈడికొచ్చి 3ని తాకుతుంది, మ్యాప్ పరిచి చూస్తే తప్ప ఇది బుర్రకెక్కదు. ఫోన్‌లో చూస్తే మనమున్న చోట నీలం చుక్క, చుట్టూ నాలుగు వేళ్ళంత ఖాళీ, అంతే కదా. ఇంకోటి, మన అనంతపురం మీద పోయే 44 ఉంది చూడండి, అది కన్యాకుమారి నుంచి పైకి పోయి పోయి శ్రీనగర్‌లో ఈ 1 కాడ ఆగుతుంది. మ్యాప్‌లో శ్రీనగర్ పక్కన 44 అని చిన్న గడి చూసి మా బావమరిది "బావా, ఇట్టే తిరిగి పట్టుకోని పోతే గుత్తి కాడ దిగొచ్చు మనం" అన్నాడు, వాడన్నది కరెక్టే.

ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది, ఖర్దుంగ్ లా. లేహ్ పైన ఉండే ఈ కనుమ ఎత్తు 18,380 అడుగులని బోర్డుల మీద, టీషర్టుల మీద, టీ కప్పుల మీద ఏళ్ళ తరబడి రాసుకున్నారు, ప్రపంచంలో బండ్లు పోయే రోడ్లలో ఇదే ఎత్తు అని కూడా. ఈ మ్యాప్‌లో దాని పక్కన 5,359 అని మీటర్లలో ఉంది, లెక్కేస్తే 17,582 అడుగులు వస్తుంది, జీపీఎస్ పెట్టి కొలిచినోళ్ళు చెప్పేది కూడా ఇదే. ఎనిమిది వందల అడుగుల తేడా, అంటే మన తిరుమల కొండ ఎత్తులో నాలుగో వంతు దగ్గర దగ్గర. బోర్డు ముందు ఫోటో దిగి స్టేటస్ పెట్టుకోవాలనుకున్న మా బావమరిదికి ఇది చూపిస్తే మండింది, "మ్యాప్ తప్పు, ఆర్మీ వాళ్ళు తప్పు రాస్తారా" అంటాడు. నేనేమంటానంటే బోర్డుకి లొంగకుండా సరైన ఎత్తు వేసిన మ్యాప్ ఇది, అందుకే మిగతా కనుమల ఎత్తులు కూడా నమ్మబుద్ధేసింది నాకు. ఇంక అన్నిటికన్నా ఎత్తు అన్న పేరు కూడా చేతులు మారింది, 2021లో ఉమ్లింగ్ లా రోడ్డుకి 19,024 అడుగులని గిన్నిస్ వాళ్ళు ఇచ్చారు, అది చిసుమ్లే నుంచి డెమ్‌చోక్ పోయే దారిలో ఉంది, మ్యాప్‌లో ఓ మూలన సన్నగా ఉంది కానీ ఉంది.

పెట్రోలు బంకుల గుర్తులు బాగున్నాయి. కేలాంగ్‌కి ముందు తాండీ అనే చోట, చంద్ర, భాగ నదులు కలిసే కాడ, ఒక బంకుంటుంది, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని దాని బోర్డు చాలా ఫేమస్. తిరుపతి నుంచి బయల్దేరితే హైదరాబాద్‌కి సగం పైన దాటేస్తాం అంత దూరంలో, మనకి ఆ దారిలో వీధికొక బంకు. మ్యాప్‌లో తాండీ కాడ ఎర్ర గుర్తు పెట్టి దాని పక్కన దూరం కూడా వేశారు. గాటా లూప్స్ అని 21 మలుపులుంటాయి, వాటిని మెలికలు మెలికలుగా విడిగా గీసి చూపించారు, నిజానికి స్కేలుకి పెడితే అదంతా ఒక చుక్కంత కూడా రాదు, కావాలని పెద్దది చేశారు, చూడ్డానికి బాగుంది. అటల్ టన్నెల్ కూడా పాత రోహ్‌తాంగ్ దారితో పాటు రెండూ ఉన్నాయి, 2020 అక్టోబర్‌లో తెరిచిన 9.02 కిలోమీటర్ల సొరంగం, దీని వల్ల మనాలి లేహ్ దూరం 46 కిలోమీటర్లు తగ్గింది, కానీ మ్యాప్ వెనక దూరాల పట్టికలో ఆ 46 తగ్గించకుండా పాత దూరమే వేశారు. ఈడ్నుంచి మొదలవుతుంది నా తిట్లు.

పట్టిక చాలా పాతది. మ్యాప్ మీద కొత్త నంబర్లు, పట్టికలో పాత నంబర్లు. శ్రీనగర్ లేహ్ రోడ్డు మ్యాప్‌లో 1 అనీ పట్టికలో 1డి అనీ ఉంటుంది, చండీగఢ్ మనాలి రోడ్డు పట్టికలో 21, హిందుస్థాన్ టిబెట్ రోడ్డు (బ్రిటిష్ గవర్నర్ జనరల్ డల్హౌసీ కాలంలో 1850 ప్రాంతంలో మొదలుపెట్టింది, ఇప్పటి 5) పట్టికలో 22. ఉత్తరాఖండ్ వైపు తిప్పితే ఇంకా ఘోరం, బదరీనాథ్ రోడ్డుకి 58, గంగోత్రికి 108, కేదారానికి 109 అని పట్టికలో, మ్యాప్‌లో ఏమో 7, 34, 107. చార్‌ధామ్‌కి మన తిరుపతి, చిత్తూరు నుంచి ఎంతమంది పోతారో మీకు తెలుసు, వాళ్ళు ఈ పట్టిక చూసుకుంటే కాగితం ముందు వైపుకీ వెనక వైపుకీ తిప్పుకోలేక చావాలి. ఒకటి చేయొచ్చు కదా, పాతది కొత్తది పక్కపక్కనే వేసేస్తే అయిపోయేది, లారీ డ్రైవర్లు, ఆ వైపు పెద్దోళ్ళు ఇప్పటికీ 1డి అనే అంటారు కాబట్టి పాతది పూర్తిగా తీసెయ్యమని కూడా నేననను. కార్గిల్ దాటినాక కొన్ని చోట్ల పసుపు తల రాళ్ళ మీద 1 పక్కన డి అక్షరం మీద రంగు పూసిన మచ్చ ఇంకా కనిపిస్తా ఉంది, సున్నం కింద పాత ఎలక్షన్ గుర్తు కనిపిస్తుంది చూడండి గోడల మీద, అదే తీరు.

నిమ్ము పదుమ్ దార్చా రోడ్డుని ఇంకా చుక్కల గీతగానే వేశారు, కడుతున్నారు అన్న అర్థంలో. అది 2024 మార్చిలోనే కలిసిపోయింది. తారు అంతా పడకపోయినా రోడ్డయితే ఉంది, దాని మీద షింకు లా కింద 4.1 కిలోమీటర్ల సొరంగం పని కూడా అదే ఏడాది జులైలో మొదలైంది. అంటే ఈ ఎడిషన్ ఎప్పటిదో మీరే అంచనా వేసుకోండి, లడాఖ్‌ని విడిగా కేంద్రపాలిత ప్రాంతంగా చూపించారు కాబట్టి 2019 తర్వాతది, అటల్ టన్నెల్ ఉంది కాబట్టి 2020 తర్వాతది, ఎన్‌పీడీ ఇంకా చుక్కల గీతే కాబట్టి 2024కి ముందుది. మ్యాప్ మీద యాడా సంవత్సరం వెయ్యలేదు, ఇట్టా డిటెక్టివ్ పని చేసుకోవాల్సొచ్చింది. పాల ప్యాకెట్ మీద కూడా తేదీ ఉంటుంది కదా సామీ.

కాగితం సంగతి, మందంగానే ఉంది గానీ మడతల కాడ చిరుగుతుంది. నాలుగు మడతలు కలిసే చోట చిల్లు పడితే ఆ చిల్లు సరిగ్గా పాంగ్ మీద పడింది నాకు, ఒక ఊరే ఎగిరిపోయింది. కొన్న రోజే వెనక నుంచి సెల్లో టేప్ వేసుకోండి. అక్షరాలన్నీ ఇంగ్లీషులోనే, తెలుగులో కాదు, హిందీ కూడా లేదు, దాని వల్ల మా నాయన లాంటి వాళ్ళకి ఊరి పేర్లు చదవడం కష్టం, నంబర్లు మాత్రం ఆయనకి టకటకా వచ్చేశాయి. మ్యాప్ సైజు వల్ల కార్లో పూర్తిగా విప్పలేం, మనకి కావాల్సిన భాగం బయటికి వచ్చేట్టు ముందే మడిచి పెట్టుకోవాలి.

ఎవరు కొనాలంటే, లడాఖ్ సొంత బండ్లో గానీ బైక్ మీద గానీ పోయే వాళ్ళు కచ్చితంగా కొనుక్కోండి. ప్యాకేజీలో పోయి ట్రావెల్స్ వాళ్ళు ఎక్కించిన బండి ఎక్కి దించిన చోట దిగే వాళ్ళకి అవసరం లేదు. చార్‌ధామ్ పోయే మన టాక్సీ అన్నలకి వెనక వైపు ఉత్తరాఖండ్ మ్యాప్ పనికొస్తుంది, కేదారం రోడ్డు 107 అంటే బదరీ రోడ్డు 7కి కొమ్మ, యమునోత్రి రోడ్డు 134 అంటే గంగోత్రి రోడ్డు 34కి కొమ్మ అని ఒక్కసారి అర్థమైతే ఏ జంక్షన్ కాడ తిరగాలో అడిగే పని ఉండదు. పట్టిక మాత్రం చూడకండి, దాని మీద ఒక తెల్ల కాగితం అంటించేయండి. షాపాయన ఇట్టాంటిదే అరుణాచల్ మ్యాప్ కూడా ఒకటుందని చూపించాడు, తవాంగ్ నుంచి పోయే ట్రాన్స్ అరుణాచల్ హైవే 13, సరిహద్దు వెంబడి కడుతున్న ఫ్రాంటియర్ హైవే 913 అంటే 13కి తొమ్మిదో కొమ్మ, అవి రెండూ ఉన్నాయి దాంట్లో, నేను కొనలేదు, బావమరిది కొన్నాడు, అదే కాగితం ఎందుకు బావా అన్న మనిషి.

చివరగా శ్రీనగర్ వైపు నుంచి లేహ్ పోయే వాళ్ళకొక మాట. జోజి లా మీద రోడ్డు తెరిచుందా మూసుందా అని ముందు రోజు ట్రాఫిక్ పోలీసుల నోటీసు చూసుకోవాలి, దాంట్లో ఎన్‌హెచ్ 1 అని వెతికితే మీకు దొరకదు, ఎస్ఎస్‌జీ రోడ్ అని ఉంటుంది, అంటే శ్రీనగర్, సోనమర్గ్, గుమ్రీ. జమ్మూ నుంచి వచ్చే వాళ్ళకి జమ్మూ శ్రీనగర్ హైవే అని వేరే లైను, ముఘల్ రోడ్ అని ఇంకో లైను. ఈ మ్యాప్‌లో గుమ్రీ అనే పేరు జోజి లాకి లడాఖ్ వైపు చాలా చిన్న అక్షరాల్లో ఉంది, ఎస్ఎస్‌జీ అన్న మాట మాత్రం యాడా లేదు, నేను పెన్నుతో రాసుకున్నా, మీరు కూడా రాసుకోండి.